మంత్రసానికి తోడెవరు?

అండమాన్ నికోబార్ దీవుల ముఖ్యపట్టణాన్ని 2024 సెప్టెంబరు వరకు పోర్టు బ్లెయిర్ అనేవారు; నేడు దాని పేరు శ్రీ విజయపురం. ఆ పట్టణంలోని పేటలలో డిగ్నాబాద్ ఒకటి. ఈ వ్యాసాన్ని అక్కడి నుండే వ్రాస్తున్నాను. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలోని 3,80,581 మందిలో బెంగాలీ మాతృభాషగా గలవారు నూటికి 28, హిందీవారు 19, తమిళులు 15, తెలుగువారు 13, మలయాళీలు 7 చొప్పున ఉన్నారు. తెలుగువారిలో పెక్కుమంది శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి పొట్ట చేతబట్టుకొని సముద్రం దాటి వచ్చిన కుటుంబాలవారు. ఇన్ని భాషలవారు ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకొనే చోట, పురుడు పోసే స్త్రీకి ఎన్ని పేర్లున్నవో వినవచ్చును. హిందీవారు, బెంగాలీవారు దాయి అంటారు. తమిళులు మరుత్తువచ్చి అంటారు. మలయాళీలకు ఆమె వయట్టాట్టి. మనకు మంత్రసాని.

హిందీ నుండి తెలుగులోనికి అనువాదం చేసే వృత్తిలో ఉన్నవానికి ఈ మాట దగ్గర కలం ఆగుతుంది. హిందీలోని ‘దాయీ’ని తెలుగులో ‘దాది’ అంటే అర్థం చెడుతుంది; దాది బిడ్డను పెంచే స్త్రీ, బిడ్డను భూమి మీదికి తెచ్చే స్త్రీ కాదు. ‘ప్రసూతి సహాయకురాలు’ అంటే కార్యాలయపు ఫైలు వాసన వేస్తుంది. ‘మంత్రసాని’ అందామంటే, మన జాతి ఆ మాటకు ఒక చులకనను అంటగట్టి ఉంచింది. మంత్రసానితనానికి ఒప్పుకొన్న తరువాత ఏది వచ్చినా పట్టవలసిందేనని సామెత. నవ్వుతూ చెప్పుకొనే ఈ సామెతలో ఒక సత్యం దాగి ఉన్నది. వచ్చినదానిని పట్టవలసిన బాధ్యత ఆమెది. కాదనే హక్కు గాని, పక్కన మరొకరిని పిలుచుకొనే వీలు గాని ఆమెకు లేవు. ఈ వ్యాసంలో నేను చదువుకొన్న ఆమెకూ, చదువుకోని ఆమెకూ ఆ ఒక్క మాటనే వాడుతున్నాను. వేరుచేసి చెప్పవలసిన చోట వేరుగా చెబుతాను.

మంత్రసాని వృత్తిలో ప్రధానమైన కష్టం ఒంటరితనం. ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేసే వైద్యుని చుట్టూ మత్తుమందు ఇచ్చేవారు, నర్సులు, సహాయకులు ఉంటారు. మంత్రసాని పని తరచు రాత్రివేళ, ఊరిచివర ఇంటిలోనో ఉపకేంద్రంలోనో, ఒక దీపం వెలుగులో సాగుతుంది. బిడ్డ క్షేమంగా పుట్టిన తరువాత కూడా ఆమె భయం తీరదు. మాయ పడిన పిదప గర్భాశయం గట్టిపడకపోతే రక్తం ధారకడుతుంది. అట్టి రక్తస్రావంలో ఆరోగ్యవంతురాలైన స్త్రీ సైతం రెండు గంటలలో ప్రాణం కోల్పోవచ్చును. బిడ్డ పుట్టిన నిమిషంలోపుగా ఆక్సిటోసిన్ సూదిమందు ఇవ్వడం, పొత్తికడుపు మీద చేయి ఉంచి గర్భాశయం గట్టిపడిందో లేదో చూడడం, బొడ్డుతాడును తొందరపడి లాగకుండా ఉండడం చిన్న పనులుగా కనిపిస్తాయి. తల్లి బ్రతకడానికీ చనిపోవడానికీ మధ్య ఉన్న దూరం అంతే. ఆ రాత్రి పొరపాటు జరిగితే నింద ఆమెది. ఎందువలన జరిగిందో, మరొకసారి ఎట్లా తప్పించుకోవాలో ఆమెతో కూర్చుని మాట్లాడేవారు మాత్రం ఉండరు.

ఈ దీవులలోనే ఒక ఉదాహరణ ఉన్నది. శాంతి తెరెసా లక్రా అనే ఏఎన్ఎం, అంటే సహాయక నర్సు-మంత్రసాని, 2001లో లిటిల్ అండమాన్ దీవిలోని డుగాంగ్ క్రీక్‌లో నియమితురాలైనారు. అక్కడివారు ఓంగీలు, మొత్తం తెగ జనసంఖ్య నూరు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఆ తెగలో ఒక తల్లి గాని, బిడ్డ గాని పోవడమంటే ఒక కుటుంబ నష్టంతో ఆగేది కాదు, జాతికే లోటు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో ఓంగీలు ఎత్తైన అడవిలోనికి వెళ్ళినప్పుడు ఆమె కూడా వారితో ఉండి సేవ సాగించారు. 2011లో భారత ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో సత్కరించింది. ఆ గౌరవం సముచితమే. అయితే పురస్కారం ఒక వ్యక్తిని వెలుగులోనికి తెస్తుంది. ఆమె వంటి వేలమంది ఒంటరితనాన్ని అది తీర్చలేదు.

మరొకరు సూలగిత్తి నరసమ్మ. కన్నడంలో సూలగిత్తి అంటే మంత్రసాని. కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు చెందిన ఈమె మాతృభాష తెలుగు. అవ్వ మారిగెమ్మ దగ్గర విద్య నేర్చుకొని, అక్షరజ్ఞానం లేకుండానే, సంచారజాతుల స్త్రీలకూ, ఆసుపత్రి అందుబాటులో లేని గ్రామాల స్త్రీలకూ డెబ్బై ఏండ్లపాటు పురుళ్ళు పోశారు. ఆమె చేతిమీదుగా పుట్టిన బిడ్డలు పదిహేను వేలకు పైబడినారని చెబుతారు. డబ్బు పుచ్చుకొనేవారు కాదు. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటునూ, 2018లో ప్రభుత్వం పద్మశ్రీనీ ఇచ్చినవి. అదే ఏడాది డిసెంబరులో ఆమె కన్నుమూశారు. తొలి పురస్కారాలు అందేనాటికి ఆమె వయస్సు తొంభై దాటింది.

ఒంటరితనానికి విరుగుడుగా ఇతర దేశాల మంత్రసానులు పందొమ్మిదవ శతాబ్ది చివరలోనే సంఘాలు ఏర్పరచుకొన్నారు. స్వీడన్‌లో యోహన్నా హెడెన్ అనే మంత్రసాని చొరవతో 1886లో దేశవ్యాప్త సంఘం వెలసింది. రెండేండ్లలో ఆ సంఘానికి స్వంత పత్రిక కూడా వచ్చింది. దూరపు పల్లెలో ఒంటరిగా పనిచేసే మంత్రసానికి ఆ పత్రిక ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించవచ్చును. ఇంగ్లండులో 1881లో ఏర్పడిన చిన్న సంఘం ఇరవై ఏండ్లు పోరాడిన తరువాత గాని 1902 నాటి మంత్రసానుల చట్టం రాలేదు. వైద్యులలో అనేకులు దానిని వ్యతిరేకించారు. ఆ చట్టంలో ఒక నిబంధనను మన పాఠకులు గుర్తుంచుకోవాలి: పరీక్ష ప్యాసు కాకపోయినా, అప్పటికి ఏడాదిగా వృత్తిలో ఉండి సత్ప్రవర్తన గలవారిని కూడా పట్టికలో చేర్చుకొన్నారు. పాతవారిని వెళ్ళగొట్టి కాదు, వారిని లోపలికి తీసుకొనే కొత్త ప్రమాణాన్ని నెలకొల్పారు. ఈ విషయానికి తిరిగి వస్తాను. 1919లో బెల్జియంలోని ఆంట్వెర్ప్ నగరంలో అంతర్జాతీయ సమాఖ్యకు బీజం పడింది. 1954 నుండి అది నేటి పేరుతో అంతర్జాతీయ మంత్రసానుల సమాఖ్యగా కొనసాగుతున్నది.

మనదేశంలో చరిత్ర వేరు దారిలో నడిచింది. 1903లో లేడీ కర్జన్ పూనికతో విక్టోరియా స్మారక నిధి ఏర్పడి దాయీలకు శిక్షణ ఇవ్వడం ప్రారంభించింది. నర్సుల సంఘం 1908లో రూపొందింది. దాని నీడలో మంత్రసానులకొక శాఖ 1925లో ఏర్పడింది. 1926లో మద్రాసు శాసనసభ నర్సుల, మంత్రసానుల చట్టం చేసింది. ఆంధ్రప్రాంతంలో తరువాతి కాలంలోనూ వర్తించిన చట్టం ఇదే. ఈ విధంగా చట్టంలో పేరు దొరికింది గాని, వృత్తికి స్వతంత్ర ప్రతిపత్తి దొరకలేదు. స్వాతంత్ర్యానంతరం 1951 ప్రాంతంలో ఏఎన్ఎం శిక్షణ మొదలైంది. రెండేండ్ల ఆ చదువులో కాన్పు విద్యకే ప్రాముఖ్యం. 1973లో కర్తార్ సింగ్ సంఘం సిఫారసు ననుసరించి ఆమె బహుళార్థ ఆరోగ్య కార్యకర్త అయింది. 1977లో చదువు పద్దెనిమిది నెలలకు తగ్గింది. ఆపైన టీకాలు, కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, మలేరియా రక్తనమూనాలు, లెక్కలేనన్ని రిజిస్టర్లు ఆమె నెత్తిన పడినవి. ఏ పనికూ ఆమె కాదనలేదు. కాని పేరులో మంత్రసాని మిగిలి, చేతిలో విద్య జారిపోసాగింది. ఏడాదికి రెండు మూడు కాన్పులు కూడా చేయని ఏఎన్ఎంకు, అవసరమైన రాత్రి చేయి వణకదా?

పట్టణాల ఆసుపత్రులలో పరిస్థితి వేరుగా కనిపించినా ఫలితం ఒకటే. మూడు నాలుగేండ్లు చదివిన నర్సు, నర్సుగానూ మంత్రసానిగానూ రెండు విధాల నమోదవుతుంది. ఆమె ఈ ఏడాది ప్రసూతి వార్డులో ఉంటే మరుసటి ఏడాది కంటి వార్డుకు, ఆపైన శస్త్రచికిత్స వార్డుకు మారవచ్చును. పాలనాపరంగా ఇది సులువు. కాని నొప్పులు పడుతున్న స్త్రీ ముఖం చూసి, ఊపిరి విని, ఎప్పుడు ఓపిక పట్టాలో ఎప్పుడు వైద్యుని పిలవాలో తెలుసుకొనే నేర్పు, ఏండ్ల తరబడి ఒకేచోట నిలిస్తే తప్ప రాదు.

2000లో హైదరాబాదు కేంద్రంగా సొసైటీ ఆఫ్ మిడ్‌వైవ్స్, ఇండియా ఏర్పడటానికి నేపథ్యమిది. నర్సింగ్ విద్యారంగంలో చిరకాలం కృషి చేసిన డాక్టర్ ఎం. ప్రకాశమ్మ, హైదరాబాదులో ఆమె నెలకొల్పిన నర్సింగ్ అధ్యయన అకాడమీ దీనికి అండగా నిలిచారు. నర్సుల సంఘం ఉండగా మరొక సంఘం ఎందుకని అడిగినవారు లేకపోలేదు. నర్సు రోగికి సేవ చేస్తుంది, గర్భిణి రోగి కాదు అన్నది వారికి ఇవ్వదగిన సమాధానం. ఈ చిన్న వాక్యంలో ఒక వృత్తి తత్త్వమంతా ఇమిడి ఉన్నది. కాన్పు సాధారణంగా ప్రకృతి కార్యం. దానికి కావలి ఉండి, దారి తప్పినప్పుడు గుర్తించి వైద్యునికి అప్పగించడం మంత్రసాని ధర్మం. ఈ విద్యకు ప్రత్యేకమైన చదువు, ప్రత్యేకమైన ఉద్యోగశ్రేణి, స్వతంత్రంగా పనిచేసే అధికారం కావాలని సంఘం కోరింది. అంతర్జాతీయ సమాఖ్యలో సభ్యత్వం పొంది, జాతీయ సమ్మేళనాలు జరిపింది. 2006 తరువాత స్వీడన్‌లోని కరోలిన్స్కా సంస్థ, అహమ్మదాబాదు ఐఐఎం, హైదరాబాదు అకాడమీ, ఈ సంఘం, నర్సుల సంఘం ఒక ఉమ్మడి పథకంలో కలిసి పనిచేసినవి. నూట ఇరవై ఏండ్ల క్రితం సంఘంగా నిలబడిన స్వీడన్ మంత్రసానుల అనుభవం ఆ విధంగా తెలుగునేలకు చేరువైంది.

సంఘం వలన రోజువారీగా ఒరిగేదేమిటని పాఠకులు అడుగవచ్చును. ఉపన్యాసాలు, తీర్మానాలు కాక, అసలు ప్రయోజనం కాన్పు గది గోడల లోపల ఉన్నది. నొప్పుల పురోగతిని గంట గంటకు గుర్తించే పట్టిక ఒకటున్నది. దానిని పార్టోగ్రాఫ్ అంటారు. గర్భాశయ ముఖం ఎంత తెరచుకొన్నదో, బిడ్డ గుండె ఎట్లా కొట్టుకొంటున్నదో, తల్లి బీపీ ఎంతో అందులో గీస్తారు. ఒంటరి మంత్రసాని దానిని పై అధికారి కోసం, చాలాసార్లు కాన్పు అయిన తరువాత, నింపుతుంది. తోటి మంత్రసానులు కూర్చుని ఒకరి పట్టికను ఒకరు చదివే అలవాటున్నచోట ఆమె దానిని తనకోసం నింపుతుంది. ఈ గీత ఇక్కడ వంగినప్పుడు నీవేమి చేశావు అని అడిగేవారు తనవంటివారే గనుక, ఆమె నిజం చెబుతుంది. అధికారి విచారణలో తప్పు దాగిపోతుంది, తోటివారి సమావేశంలో తప్పు పాఠమవుతుంది. 2005లో కేంద్ర ప్రభుత్వం ఏఎన్ఎంలు ఆక్సిటోసిన్‌నూ, గుర్రపువాతం వంటి మూర్ఛలు వచ్చే స్థితిలో మెగ్నీషియం సల్ఫేట్ తొలి మోతాదునూ ఇవ్వవచ్చునని మార్గదర్శకాలు జారీచేసింది. కాగితం మీది అనుమతి చేతిలోని ధైర్యంగా మారడానికి పక్కన ఒక అనుభవజ్ఞురాలు నిలబడవలసి ఉంటుంది.

తెలంగాణలో ఈ ఆలోచన మరొక మలుపు తిరిగింది. అక్కడి సమస్య విచిత్రమైనది. ఇంటి పురుళ్ళు దాదాపు అంతరించి, ఆసుపత్రి కాన్పులు సార్వత్రికమైనవి. 2018–20 నాటి లెక్కలలో లక్ష ప్రసవాలకు మాతృమరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, దేశం మొత్తంమీద 97. ఇది ఘనమైన విజయం. అయితే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కడుపుకోతతో జరిగినవి; ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశంలో 21.5. అవసరమైనచోట ఆపరేషన్ రెండు ప్రాణాలు నిలుపుతుంది. అవసరం లేనిచోట అది గాయం, ఖర్చు, తరువాతి కాన్పుకు ముప్పు. పదిమందిలో ఆరుగురు స్త్రీల శరీరాలు కనలేని విధంగా ఉన్నాయని ఎవ్వరూ నమ్మలేరు. ముహూర్తాలు చూసి కోయించుకొనే కుటుంబాలను మాత్రమే తప్పుపట్టడం నాకు సమ్మతం కాదు. నొప్పులు పడే గంటలలో పక్కన కూర్చునే మనిషి లేకపోతే, భయపడిన తల్లి ఆపరేషన్ అడుగుతుంది. తీరికలేని ఆసుపత్రి దానిని కాదనదు.

హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 1948లో రెండు పడకలతో ఆరంభమైన సంస్థ. అక్కడ డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ 2011లో మంత్రసాని విద్యలో ప్రత్యేక శిక్షణ ప్రారంభించారు. స్వయంగా ప్రసూతి వైద్యురాలైన ఆమె, తన వృత్తివారి అధికారంలో కొంత భాగాన్ని మంత్రసానులకు అప్పగించాలని వాదించడం గమనింపదగినది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఈ సంస్థ కలిసి, కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిని క్షేత్రంగా చేసుకొని, ముప్పైమంది ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల శిక్షణ ఆరంభించినవి. నొప్పుల వేళ తల్లి మంచానికి అతుక్కుపోనక్కరలేదని, నడవవచ్చునని, కూర్చుని గాని మోకాళ్ళపై వంగి గాని కనవచ్చునని, తోడుగా ఒకరిని ఉంచుకోవచ్చునని అక్కడ నేర్పారు. మన అవ్వలకు ఇది కొత్తకాదు! 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలను వెలువరించింది. మంత్రసానుల నాయకత్వంలో నడిచే కాన్పు విభాగాలను ఆసుపత్రులలో నెలకొల్పాలని వాటిలో నిర్ణయించారు. పక్కగదిలో వైద్యుడు, ఈ గదిలో మంత్రసాని: పోటీ లేదు, పని విభజన ఉన్నది.

ఈ సందర్భంలో న్యూజిలాండు అనుభవం చెప్పుకోవాలి. 1989లో అక్కడ మంత్రసానుల కళాశాల పేరిట వృత్తిసంఘం ఏర్పడినప్పుడు, కాన్పు సేవలు పొందే స్త్రీలను కూడా అందులో భాగస్వాములను చేశారు. మరుసటి ఏడాదే చట్టం మారి, వైద్యుని పర్యవేక్షణ అవసరం లేకుండా మంత్రసానులు బాధ్యత వహించే వీలు కలిగింది. ఉద్యోగుల కోరికగా కనిపించినంతకాలం కదలని విషయం, తల్లుల కోరికగా మారేసరికి కదిలింది. మనదేశంలో మంత్రసానుల సంఘాలు ఇంకా ఈ మెట్టు ఎక్కలేదని నా అభిప్రాయం. తల్లులకు అసలు ఈ విద్య ఒకటున్నదని తెలిస్తే గదా అడగడానికి!

మిగిలినది అన్నిటికంటె క్లిష్టమైన ప్రశ్న. నరసమ్మ వంటి సంప్రదాయ మంత్రసానులకు ఈ సంఘాలలో చోటేది? 1977 తరువాత గ్రామీణ దాయీలకు శిక్షణ ఇచ్చి, పరికరాల పెట్టెలు పంచారు. 2005లో జనని సురక్షా యోజన వచ్చి, ఆసుపత్రి కాన్పునకు నగదు సహాయం మొదలైన పిదప వారి అవసరం తీరినట్లే భావించారు. ఆసుపత్రి వైపు మళ్ళడం వలన ప్రాణాలు నిలిచినవి, దానిని కాదనను. మురికి కొడవలితో బొడ్డు కోసిన చోట్ల బిడ్డలు ధనుర్వాతంతో చనిపోయిన కాలం మనది. కాని ఆ స్త్రీలలో పెక్కుమంది నిమ్నకులాలవారు, నిరుపేదలు. ఒక తరం విద్యను ఒక్క ఉత్తరువుతో పనికిరానిదిగా చేసినప్పుడు, వారి పక్షాన మాట్లాడే సంఘం లేదు. 1902లో ఇంగ్లండు చేసినట్లు, మంచిపేరు గలవారిని పట్టికలోనికి తీసుకొని, ప్రసవగదిలో తల్లికి తోడుగానైనా నిలిపి ఉంటే, ఈనాడు మనం విదేశాల నుండి తిరిగి నేర్చుకొంటున్న కొన్ని సంగతులు ఇంటిలోనే దొరికేవి.

2021లో వెలువడిన ప్రపంచ మంత్రసానుల స్థితి నివేదిక ప్రకారం ప్రపంచంలో 9 లక్షలమంది మంత్రసానుల కొరత ఉన్నది. 2023లో మన పార్లమెంటు, 1947 నాటి నర్సింగ్ మండలి చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. జాతీయ మండలి పేరులో మంత్రసాని విద్యకు చోటు దక్కడం ఇదే మొదలు. పేరు తరువాత రావలసినవి చాలా ఉన్నవి. శిక్షణ పొందిన మంత్రసానిని ప్రసూతి వార్డు నుండి మరొక వార్డుకు మార్చరాదన్న నియమం, ఆమెకు వేరు ఉద్యోగశ్రేణి, ఆ శ్రేణిలో పై మెట్లు. ఈ దీవులలోనైతే మరొకటి కూడా. కష్టమైన కాన్పును శ్రీ విజయపురంలోని గోవింద వల్లభ పంత్ ఆసుపత్రికి పంపాలంటే మధ్య సముద్రమున్నది. వాతావరణం బాగులేని రాత్రి పడవ కదలదు. ఆ రాత్రి ఉపకేంద్రంలోని ఏఎన్ఎంకు, ఫోనులో అవతలివైపు తన పేరుతో పలకరించే మరొక మంత్రసాని కావాలి.